నేను చెప్పని భూస్థాపన

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు మీరెప్పుడైనా వీధి పక్కన నిలబడి ఉంటే నా గొంతు మీ చెవిలో పడే ఉంటుంది. ఆటో మీద మైకు కట్టుకుని "రండి, చూడండి, మీ అభిమాన వస్త్రాలయం" అని అరిచేది నేనే. రేపు మంచినీళ్ళు రావు, ఇవాళే పట్టి ఉంచుకోండి అన్నది నేనే. ఫలానా మాస్టారు గారు కన్నుమూశారు, చివరిచూపు చూడదలచినవారు ఫలానా ఇంటికి రండి అన్నదీ నేనే. నా పేరు సువర్ణ కుమారి. పేరు చెబితే ఎవరికీ తెలీదు, ముఖం చూసినా గుర్తుపట్టరు. కూరగాయల బజార్లో నా పక్కన నిలబడి బేరమాడేవాళ్ళు కూడా పైన మైకులో మోగేది నేనే అనుకోరు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను అడుగుతుంటారు. మైకు ఎంత దూరంలో పెట్టుకోవాలి, అల్లం నమలాలా, మిరియాల పాలు తాగాలా అని. అవన్నీ మీ ఫోన్లోనే దొరుకుతాయి, నన్ను విసిగించకండి. నేను చెప్పదలచుకున్నది వేరే. నా గొంతు, నాకు తెలియకుండా, రేపల్లెలో ఒక మనిషిని చంపేసింది. ఆ మనిషి నిక్షేపంగా ఉన్నాడు, అది వేరే సంగతి. 

కోడిగుడ్ల అట్టల గది

మా స్టూడియో తెనాలి బస్టాండు వెనక సందులో ఉండేది. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, ఒక మైకు, ఒక స్టూలు. ఫ్యాను వేస్తే రికార్డింగులో గాలి శబ్దం పడుతుందని ఫ్యాను తీసేశారు. మే నెలలో ఆ గదిలో కూర్చుని "చల్లచల్లని కూలర్లు, నేడే కొనండి" అని నవ్వుతూ చదవాలి. చెమటతో కాగితం తడిసి అక్షరాలు అలుక్కుపోయేవి.

ఓనరు సాంబశివరావు గారు. ఆయన మంచివాడా కాదా అంటే నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. మా ఆయన పోయినప్పుడు నా చేత పని మాన్పించకుండా, మర్నాడే రమ్మనకుండా, నాకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడే రమ్మన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన్ని ఎన్నోసార్లు క్షమించాను. కానీ మనిషి పిసినారి. ఒకసారి నోట్లోంచి వచ్చిన మాటని వందసార్లు వాడుకోవాలనే తాపత్రయం ఆయనది.

ఈ పని అంటే చదవడం అనుకుంటారు చాలామంది. కాదు. ఈ పని అంటే ఏ మాట ఎవరి చెవికి ఎలా తగులుతుందో తెలియడం. మన వ్యాపారస్తులకి మాటలంటే ఉన్న భయం పాములన్నా ఉండదు. కొట్టు మూసేస్తాం అనకూడదు, కట్టేస్తాం అనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. నేను చేరిన కొత్తలో ఒక బట్టల కొట్టుకి "సరుకు అయిపోయేలోపే త్వరపడండి" అని చదివాను. ఆ సేటు చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా స్టూడియోకి పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా, నా కొట్టు అయిపోవాలని కోరుకుంటున్నావా?" అన్నాడు.

సరే, మీకు శుభంగా ఉండాలి కదా అని "సరుకు నిండుకునేలోపే రండి" అని మార్చి చదివాను. నిండుకోవడం అంటే అయిపోవడమేనని మా అమ్మ తరానికి తెలుసు. కుర్రకారు మాత్రం సరుకు ఇంకా నిండలేదేమో, నిండాక వెళ్దాంలే అని ఊరుకున్నారట. సేటు మళ్ళీ వచ్చాడు. ఈసారి గుండీలు పెట్టుకునే వచ్చాడు కానీ, నోరు మాత్రం అంతకంటే పెద్దది చేశాడు.

బాపట్ల మాస్టారు

ఒకరోజు బాపట్ల నుంచి ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. దేవసహాయం గారు. తెల్లటి పంచె, ఇస్త్రీ చొక్కా, చేతిలో మడత పెట్టిన కాగితం. మేం లూథరన్ సంఘం వాళ్ళమే, ఆయనా మా సంఘమే, అందుకని నేను లేచి నిలబడ్డాను.

"ఒక భూస్థాపన ప్రకటన రికార్డు చేయాలమ్మా" అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా క్రైస్తవుల్లో మనిషిని సమాధి చేయడాన్ని భూస్థాపన అంటాం. దహనం మాకు లేదు కాబట్టి ఆ మాటే వాడుక. మైకులో "భూస్థాపన కార్యక్రమం" అన్న మాట చెవిన పడితే మావాళ్ళ చేతుల్లో పని ఆగిపోతుంది, ఎవరిదో వినడానికి వీధిలోకి వస్తారు. హిందువుల్లో ఈ మాట అందరికీ తెలియాలని లేదు. ఒకే వీధిలో, ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటాం కానీ, ఒకరి చావు మాటలు ఇంకొకరికి తెలియకుండానే బతికేస్తున్నాం.

"అయ్యో, ఎవరు పోయారండి?" అని అడిగాను.

"నేనే" అన్నారాయన. "ఇంకా పోలేదనుకో. మా పిల్లలకి తెలుగు సరిగ్గా రాదు. నేను పోయాక నానా చెత్తా రాసి నీ చేత చదివిస్తారు. అందుకని ముందే రాసి తెచ్చా."

 ఎదురుగా మనిషి కూర్చుని ఉండగా ఆయన చావు ఎలా చదవను? రెండుసార్లు గొంతు జీరబోయింది. ఆయన చేయెత్తి ఆపించారు.

"నువ్వు ఏడవకమ్మా. నేను ఏడవడం లేదుగా. ప్రభువు దగ్గరికి వెళ్తున్నా. చక్కగా, పెళ్ళి పిలుపులా చదువు."

అలాగే చదివాను. ఏడుపు లేకుండా, సంతోషమూ లేకుండా, నిండుగా. నా జీవితంలో అంత శుభ్రంగా ఏదీ చదవలేదు. మాస్టారు సంతోషపడ్డారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు హాయిగా బతికారు. క్రిస్మస్‌కి కనబడినప్పుడల్లా "నా క్యాసెట్టు భద్రమేనా" అని అడిగేవారు. క్యాసెట్లు పోయి కంప్యూటర్ వచ్చాక దాన్ని కూడా కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టాం.

గొంతు నీదే, రికార్డు నాది

కంప్యూటర్‌తో పాటు కిశోర్ వచ్చాడు. డిగ్రీ చదివి, పెళ్ళయి, పిల్లలున్నవాడు. తెలివైనవాడు, పని దొంగ కాదు. నా పాత రికార్డింగులన్నీ ముక్కలు ముక్కలు చేసి వరసగా పేర్లు పెట్టుకున్నాడు. "బంధుమిత్రులందరూ" ఒక ముక్క. "రేపు ఉదయం తొమ్మిది గంటలకు" ఒక ముక్క. "విచ్చేయవలసిందిగా కోరుచున్నాము" ఒక ముక్క. కొత్త గిరాకీ వస్తే నన్ను పిలవకుండానే ముక్కలు అతికించి ఇచ్చేసేవాడు.

ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు మా ఇంటి ముందు నుంచి ఆటో వెళ్తూ కోళ్ళ దాణా గురించి చెబుతోంది. నా గొంతే. నేను జన్మలో కోళ్ళ దాణా గురించి చదవలేదు. చేతిలో చీపురు అలాగే పట్టుకుని గేటు దగ్గర నిలబడిపోయాను. నా నోటితో నేను అనని మాట వినడం ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు చేతకావడం లేదు. నా చీర ఇంకొకరు కట్టుకుని బజార్లో తిరుగుతున్నట్టుంది.

వెళ్ళి సాంబశివరావు గారిని నిలదీశాను.

"సార్, నన్ను అడగకుండా నా గొంతు ఎలా అతుకుతారండి?"

"గొంతు నీదే అమ్మా, కాదనడం లేదు. రికార్డు నాది. నీకు ఎండలో వచ్చే శ్రమ తగ్గించా, సంతోషించక" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మాటకి జవాబు అప్పుడు నా దగ్గర లేదు. ఇప్పుడు ఉంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, మీరు గొంతు ఇచ్చే ముందే దాన్ని ముక్కలు చేసి అతకకూడదని గట్టిగా చెప్పండి. వినకపోతే ఆ గదిలోంచి లేచి వచ్చేయండి. నేను లేచి రాలేదు కాబట్టే రేపల్లె గొడవ జరిగింది అనను. ఆ గొడవ చేసింది వాళ్ళు. కానీ పడాల్సిందంతా ఇంకొక ఆడమనిషి పడింది.

రేపల్లె బజారు

ఆ రోజు మా చిన్నాన్న కూతురి ఇంట్లో ప్రార్థన ఉందని రేపల్లె వెళ్ళాను. పొద్దున బజార్లో పూలు కొంటున్నాను. అవతలి రోడ్డు నుంచి ఆటో వచ్చింది. మైకులో నేను మాట్లాడుతున్నాను.

"రేపల్లె వాస్తవ్యులు, ఐసు వ్యాపారులు శ్రీ పోతురాజు గారి..."

ఎదురుగా బస్సు హారన్ కొట్టింది. ఒక ముక్క అందులో కొట్టుకుపోయింది. ఆ తర్వాత వినబడింది ఇది.

"...భూస్థాపన కార్యక్రమం రేపు ఉదయం తొమ్మిది గంటలకు జరుగును. కావున బంధుమిత్రులందరూ విచ్చేయవలసిందిగా కోరుచున్నాము."

పూలమ్మే ఆవిడ చేతిలో మూర అలాగే ఆగిపోయింది. "పోతురాజు పోయాడా? నిన్న సాయంత్రం ఇటే వెళ్ళాడమ్మా, నన్ను పలకరించి వెళ్ళాడు" అంది. పక్కన సైకిలు ఆపిన పెద్దాయన టోపీ తీసేశాడు. అర్థం తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పడం నా కళ్ళ ముందే జరిగిపోయింది. ఒక కొట్టు షట్టరు సగానికి దిగింది. దాన్ని చూసి ఇంకొకటి దిగింది.

 నేను ఇది చదవలేదు. చదవలేదు కానీ ఆ గొంతు తెలుసు, ఆ "భూస్థాపన కార్యక్రమం" తెలుసు. ఏడుపు లేకుండా, సంతోషమూ లేకుండా, నిండుగా. అది బాపట్ల మాస్టారిది.

కిశోర్‌కి ఫోను చేశాను. ఎత్తగానే వాడు ఎంత ఉషారుగా ఉన్నాడో.

"విన్నారా మేడం? పేర్లు కూడా అక్షరాలు ఏరి పేర్చా, అతుకు ఎక్కడైనా తెలిసిందా?"

"ఎవరు పోయారు కిశోర్?"

"పోవడమేంటి మేడం? పోతురాజు గారు కొత్త ఐసు ఫ్యాక్టరీ కడుతున్నారు. రేపు శంకుస్థాపన. ఆయనేమో శంకుస్థాపన అనే మాట వద్దన్నాడు. వాళ్ళలో చావుకి శంఖం ఊదుతారంట, శంకు అంటే అదే గుర్తొస్తుందంట, వేరే మాట వెయ్యమన్నాడు. వెతికితే మీ పాత ఫైల్లో భూస్థాపన అని దొరికింది. భూమి మీద స్థాపన, బాగుంది కదా అని వేసేశా. శంకు లేదు, స్థాపన ఉంది."

బస్సు హారన్లో కొట్టుకుపోయిన ముక్క ఐసు ఫ్యాక్టరీ అన్నమాట. చావు మాట వద్దని బతిమాలిన మనిషికి చావే వేశాడు. వాడికి తెలియదు, నిజంగా తెలియదు. నాకు తిట్టడానికి కూడా ఓపిక రాలేదు. ఆటోవాడికి ఫోన్ చేసి ఆపించు అని చెప్పి, దారి అడుక్కుంటూ పోతురాజు ఇంటికి పరిగెత్తాను.

మైకు లేని గొంతు

వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం. పోతురాజు అన్నదమ్ములు నిజాంపట్నం రేవు నుంచి బోట్లలో వేటకి వెళ్తారు. అతను మాత్రం బోట్లకి ఐసు అందించే వ్యాపారంలోకి దిగాడు. ఇన్నాళ్ళూ బయట కొని తెచ్చి అమ్మేవాడు. సొంత ఫ్యాక్టరీ కట్టుకోవాలని అతని భార్య ధనలక్ష్మి పట్టుబట్టిందట. ఆవిడ రేపల్లె మార్కెట్లో చేపలమ్మి, ఆ స్థలం కొనిపించింది. ఆ పొద్దున అతను పూజ సామాను కోసం బండి మీద తెనాలి వెళ్ళాడు. ఫోనులో చార్జింగు లేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

బజారు నుంచి కబురు నాకంటే ముందే చేరింది, నేను వెళ్ళేసరికి ఇంటి ముందు ఒకటే జనం. వసారాలో ధనలక్ష్మి కూర్చుని ఉంది. ఏడవడం లేదు. గోడకేసి చూస్తోంది. ఆవిడ అత్త ఆదెమ్మ, పెద్ద వయసు మనిషి, గుండెలు బాదుకుంటూ వచ్చి కోడలి ముందు కూలబడింది. "పొద్దున్నే బండి మీద పంపించావు కదే నా కొడుకుని" అంటూ, ఏం చేస్తోందో తెలియని స్థితిలో, చేత్తో ఆ పిల్ల నుదుటి బొట్టు చెరిపేసింది. అరచేత్తో ఒక్క రుద్దు రుద్దింది. కుంకం కనుబొమ్మ మీదికి సాగింది.

నేను జనంలోంచి తోసుకుని ముందుకొచ్చాను.

"ఆగండమ్మా, ఆయన పోలేదు. అది తప్పుడు ప్రకటన. ఆయన బతికే ఉన్నాడు" అని అరిచాను.

ఒకాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరమ్మా నువ్వు? ఇప్పుడే మైకులో చెప్పారు కదా" అన్నాడు.

"ఆ మైకులో చెప్పింది నేనేనండి" అన్నాను.

"నువ్వే చెప్పి, నువ్వే కాదంటావేంటి?" అన్నాడు. ఇంకెవరో నన్ను పక్కకి లాగేశారు, పిచ్చిదేమో అన్నారు. ఊళ్ళో అన్ని చావులూ నా నోటితో విని నమ్మిన జనం, ఎదురుగా నిలబడి ఒక మనిషి బతికున్నాడని చెబితే నమ్మలేదు. నా గొంతుకి మైకులో ఉన్న విలువ నాకు లేదని ఆ రోజే తెలిసింది.

అప్పుడే సందు మొదట్లో బండి ఆగింది. పోతురాజు. ముందు బూడిద గుమ్మడికాయ, వెనక అరటి గెల. ఇంటి ముందు జనాన్ని చూసి పాపం వాళ్ళమ్మ పోయిందనుకున్నాడు. బండి స్టాండు కూడా వెయ్యలేదు. అది పడిపోయింది, గుమ్మడికాయ పగిలింది. "అమ్మా, నేను వచ్చేలోపే పోయావా అమ్మా" అని ఏడుస్తూ లోపలికి పరిగెత్తాడు. జనం రెండుగా చీలి దారిచ్చారు. కొంతమంది పారిపోయారు. ఆదెమ్మ కొడుకుని చూసి కళ్ళు తేలేసింది.

నీళ్ళు చల్లి ఆవిడని లేపుతుండగా ఆటో మళ్ళీ వచ్చింది. కిశోర్ ఫోను ఆ డ్రైవరుకి ఇంకా అందినట్టు లేదు. సందు బయట నా గొంతు మళ్ళీ మొదలెట్టింది. పోతురాజు కళ్ళు తుడుచుకుని విన్నాడు.

"బాగానే చెప్పారు కదా. నేను చెప్పమన్నది ఇదేగా. దీనికి ఏడుపులేంటి?" అన్నాడు.

ఎవరో అతని చెవిలో ఆ మాటకి అర్థం చెప్పారు.  మెల్లగా వసారా మెట్టు మీద కూర్చున్నాడు. అప్పుడు ధనలక్ష్మి వైపు చూశాడు. ఆవిడ నుదురు చూశాడు.

బతికున్నారని ఎలా చెప్పాలి

అంతా సర్దుకుంటుందనుకున్నాను. నవ్వుకుంటారు, మర్నాడు శంకుస్థాపన జరిగిపోతుంది అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని. షట్టర్లు దింపినవాళ్ళు ఎత్తుకున్నారు, కానీ ముఖాలు మాడ్చుకుని ఎత్తుకున్నారు. తమని ఊరికే దుఃఖపెట్టాడని పోతురాజు మీదే కోపం. దానికంటే ఘోరం, ఆ స్థలం మీద సమాధి మాట పడిందన్నారు. తాపీ మేస్త్రి ఇంకో పని ఉందన్నాడు. కొందరు బోటువాళ్ళు ఆ ఐసు మాకొద్దన్నారు.

శంకుస్థాపన ఆగిపోయింది. అసలు ముడి ఎక్కడ పడిందంటే, ధనలక్ష్మి బొట్టు దగ్గర. భర్త బతికుండగా చెరిగిన బొట్టుని మామూలుగా అద్దం ముందు పెట్టేసుకోకూడదని, పెద్ద ముత్తయిదువ ఎవరైనా వచ్చి పెట్టాలని ఆదెమ్మ పట్టుబట్టింది. పీటల మీద మొగుడి పక్కన కూర్చోవాలంటే బొట్టు ఉండాలి కదా. ఒక్క ముత్తయిదువ రాలేదు. ఒకావిడకి నడుము నొప్పి. ఒకావిడ పుట్టింటికి వెళ్ళింది. ఇంకొకావిడ నిజం చెప్పేసింది, ఆ నుదుటిని ముట్టుకుంటే నా పసుపు కుంకాలకి ఏమవుతుందోనని భయంగా ఉంది అని. రేపల్లె నుంచి మా చిన్నాన్న కూతురు ఫోనులో ఇవన్నీ చెబుతుంటే నాకు మతి పోయింది. చేపలు కొనేటప్పుడు ఆవిడ చేతి నుంచి తీసుకున్నవాళ్ళే వీళ్ళంతా.

స్టూడియోలో సాంబశివరావు గారు కిశోర్‌ని తీసేస్తానని ఎగిరాడు. "వాణ్ణి కాదు, ఆ ముక్కలన్నీ తీసెయ్యండి" అన్నాను. ఆయన వినిపించుకోలేదు.

"ఇంకో ప్రకటన వేద్దాం. తప్పు సరిచేద్దాం. ఏం రాయాలో నువ్వే చెప్పు" అన్నాడు.

కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. "శ్రీ పోతురాజు గారు బతికే ఉన్నారు" అని రాస్తే, ఇవాళో రేపో అన్నట్టుంది. "క్షేమంగా ఉన్నారు" అంటే ఏదో ప్రమాదం జరిగినట్టుంది. "చనిపోలేదని తెలియజేయుటకు" అంటే మళ్ళీ చావు మాటే వస్తోంది. పరమపదించారు, కాలం చేశారు, స్వర్గస్థులయ్యారు, కన్నుమూశారు, ప్రభువునందు నిద్రించారు. మనిషి పోయాడని చెప్పడానికి నా నోట్లో ఇన్ని మాటలున్నాయి. ఉన్నాడని చెప్పడానికి మైకులో అనగలిగిన మాట ఒక్కటీ దొరకలేదు. ఇన్నేళ్ళు చేసిన పని ఇదా అని నాకు ఏడుపొచ్చింది.

వంకర బొట్టు

కాగితం చించేసి, ఆటో తీసుకుని నేనే రేపల్లె వెళ్ళాను. రికార్డు లేదు, చేతిలో మైకు ఉంది. పోతురాజు ఇంటి ముందు దిగి, ఏం చెప్పాలో అతన్నే అడుగుదామనుకున్నాను. మైకు చూసి వీధంతా బయటికొచ్చింది. ఈవిడేనా ఆవిడ అని చెప్పుకుంటున్నారు. జీవితంలో మొదటిసారి నా ముఖాన్ని నా గొంతుతో కలిపి చూశారు.

పోతురాజు ఇంట్లోకి చూశాడు. ధనలక్ష్మి లోపలి నుంచి వచ్చింది. బోసి నుదురు. చేతిలో కుంకం భరిణె.

"మీరేనా మైకులో చెప్పింది?" అంది.

"గొంతు నాదేనమ్మా. ఆ మాట నేను చెప్పలేదు."

"ఎవరు చెబితే ఏంటండి. నా బొట్టు పోయింది మీ గొంతు విని. మీరే పెట్టండి" అని భరిణె నా ముందుకి చాపింది.

 "అమ్మా, మేం క్రిస్టియన్లం. పుట్టినప్పటి నుంచీ బొట్టు పెట్టుకున్నదాన్ని కాదు, ఇంకొకరికి పెట్టినదాన్నీ కాదు. పైగా మా ఆయన పోయాడు. నేను పెట్టకూడదు" అన్నాను.

జనంలో గుసగుస మొదలైంది. ఆదెమ్మ "వద్దే" అంది.

ధనలక్ష్మి వెనక్కి తగ్గలేదు. "ముత్తయిదువలందరినీ పిలిచాను అత్తా. ఒక్కరూ రాలేదు. వాళ్ళకి పసుపు కుంకాల భయం ఉంది. ఈవిడకి పోయేదేం లేదు. ఈవిడ వచ్చింది" అంది. తర్వాత నా వైపు తిరిగి, కొంచెం గొంతు తగ్గించి, "పెట్టు అక్కా. నేను ఆయన పక్కన కూర్చోవాలి" అంది.

అక్కా అన్నది. ఇంక నేనేం ఆలోచించలేదు. మైకు ఆటో సీటు మీద పెట్టాను. ఆపాలని తోచలేదు. భరిణెలో వేలు ముంచాను.  ఆవిడ కళ్ళు మూసుకుంది. నుదుటి మీద ఎక్కడ పెట్టాలో కూడా నాకు సరిగ్గా తెలియదు. పెట్టాను. కుంకం రాలి ముక్కు మీద పడింది. బొట్టు ఒక పక్కకి పోయింది.

 మెట్టు మీద కూర్చున్న ఆదెమ్మ లేచింది. దగ్గరికి వచ్చి కోడలి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. నాకు భయం వేసింది, మళ్ళీ చెరిపేస్తుందేమోనని. ఆ ముసలావిడ చీర కొంగుతో ముక్కు మీది కుంకం తుడిచి, వేలికొసతో బొట్టుని మధ్యకి జరిపి గుండ్రంగా దిద్దింది.

"వంకరగా పెట్టావు తల్లీ" అంది నాతో.

సీటు మీద మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట బజారు దాకా వినబడింది.